మూడు ముక్రోస్పిరిఫర్లు, అందులో ఒకదానికి అతుకు రెక్క: కొన్న నెల రోజులకి నా రివ్యూ

ముందు అసలు మాట చెప్పేస్తాను, అంతా చదివే తీరిక లేనివాళ్ల కోసం. ముక్రోస్పిరిఫర్ అంటే బ్రాకియోపాడ్‌లనే రెండు చిప్పల సముద్ర జీవుల్లో ఎప్పుడో అంతరించిపోయిన ఒక రకం. దాని శిలాజం దొరికితే కొనుక్కోండి, డబ్బులు దండగ కావు. కానీ రెక్కల కొసలు భూతద్దం పెట్టి చూడకుండా కొనకండి. ఏ ఊరి రాతిలోంచి తీశారో రాసిన చీటీ లేకపోతే అసలు వద్దు. నేను మూడింటి సెట్ 1,950 రూపాయలకి తీసుకున్నాను. రెండు నిఖార్సైనవి, మూడోదానికి ఒక రెక్క అతుకు. వెళ్లి అడిగితే మార్చి ఇచ్చారు. ఆ సంగతంతా వరసగా రాస్తాను, కాస్త పెద్దదే, ఓపిక పట్టండి.

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్‌కి శిలాజాల మీద చేస్తానని పేరిచ్చేసి, ఇంటికొచ్చి "పిన్నీ, నీ డబ్బాలో గవ్వలున్నాయి కదా, అందులో బాగా పాతవి ఇవ్వవా" అన్నాడు. నా డబ్బాలో ఉన్నవన్నీ ఆర్కే బీచ్‌లో, యారాడలో, భీమిలిలో చిన్నప్పటి నుంచి ఏరుకున్నవి, ఎంత అందమైనవైనా శిలాజాలు కావు. పోనీ మన కొండల్లో వెతుకుదామా అంటే అదీ కుదరదు. కైలాసగిరి మీదా డాల్ఫిన్ నోస్ మీదా కనిపించే ఆ ఎర్రటి మరకల రాయి ఖొండలైట్. ఎప్పుడో భూమి లోతుల్లో వేడికీ ఒత్తిడికీ పూర్తిగా మారిపోయిన రాయి అది, అందులో గుల్లల ఆనవాలు వెతకడం వృథా ప్రయాస. మన దేశంలో బ్రాకియోపాడ్ శిలాజాలున్న రాళ్లంటే హిమాచల్‌లో స్పితి లోయ, మధ్యప్రదేశ్‌లో ఉమరియా లాంటి చోట్ల పేర్లు చెప్తారు. ఎగ్జిబిషన్‌కి పదిహేను రోజులుంది, అంత దూరం ఎవరెళ్తారు.

ఊళ్లోనే రంగురాళ్లూ స్ఫటికాలూ అమ్మే చిన్న దుకాణం ఒకటుంది, అక్కడ గాజు మూత పెట్టెలో ఇవి కనిపించాయి. దుకాణం పేరు రాయడం లేదు, తప్పు జరిగినా సర్దుబాటు చేశాడు కాబట్టి. పెట్టె మీద అచ్చు వేసిన కార్డు: "38 కోట్ల ఏళ్ల నాటి ఆల్చిప్ప శిలాజం." అంతే. ఏ జాతి, ఏ దేశం, ఏ రాయి, ఏమీ లేదు. వయసు సరిగ్గానే వేశాడు, ఆల్చిప్ప అన్నది మాత్రం పూర్తిగా తప్పు. అడిగితే లోపలికి వెళ్లి తనకి సరుకు పంపినవాళ్ల పాత బిల్లు వెతికి తెచ్చాడు. అందులో ముక్రోస్పిరిఫర్ అనీ, అమెరికాలో ఒహాయో రాష్ట్రం, సిల్వేనియా అనీ, మధ్య డెవోనియన్ (భూమి చరిత్రలో ఒక కాలం పేరు) అనీ ఉంది. ఆ కాగితం చూశాకే నేను పర్సు తీశాను.

ఇప్పుడు వస్తువు సంగతి. మూడింట్లో పెద్దది నా బొటనవేలి పై కణుపు కంటే కొంచెం పొడవు, అడ్డంగా కొలిస్తే నాలుగు సెంటీమీటర్లకి ఒక పిసరు తక్కువ. బూడిద రంగులో కాస్త గోధుమ ఛాయ. చేతిలో పెట్టుకోగానే చల్లగా, దాని సైజుకి తగిన రాతి బరువుతో ఉంటుంది. ఒక పక్క గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, అదే కీలు గీత, గుల్ల మొత్తంలో అన్నింటికంటే వెడల్పైన చోటు కూడా అదే. ఆ గీత రెండు చివరలా సన్నగా సాగి మొనదేలి ఉంటుంది. పేరులోనే ఉంది ఆ సంగతి, లాటిన్‌లో ముక్రో అంటే మొన. మా వాడు చూసీ చూడగానే "పిన్నీ, ఇది బీచ్ రోడ్డులో పెట్టిన విమానంలా ఉంది" అన్నాడు, అంత కరెక్టుగా నేను చెప్పలేను. గోరుతో గీస్తే ముక్కు (కీలు గీత మధ్యలో వంగి ఉండే కొస) దగ్గర నుంచి అంచు దాకా విసనకర్ర మడతల్లా గాళ్లు తగులుతాయి. వాటికి అడ్డంగా, అంచుకి దగ్గరయ్యే కొద్దీ చిక్కబడుతూ, పెంకుల మీద పెంకులు పేర్చినట్టు పెరుగుదల గీతలు. ఒక్కో గీత ఒకప్పుడు ఆ గుల్లకి అంచు. లోపలి నుంచి బయటికి చూసుకుంటూ వస్తే అది ఎంతెంత ఉన్నప్పుడు ఎలా ఉందో వరసగా కనిపిస్తుంది.

దీన్ని ఒక ఆదివారం సాయంత్రం పర్సులో వేసుకుని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. అక్కడ గవ్వలూ శంఖాలూ అమ్మే ఒక పెద్దావిడ దగ్గర నేను ఎప్పటి నుంచో కొంటున్నాను. ఆవిడ చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఏటమ్మా ఇది, రాయా గుల్లా?" అంది. గుల్లే, రాయైపోయింది అన్నాను. బొటనవేలితో మధ్యలో నిమిరి, "మా గుల్లలకి ఒక పక్క బొర్ర, ఒక పక్క సాగి ఉంటది. దీనికి రెండు పక్కలా ఒకేలాగుందేటి?" అంది. నాకు ఒళ్లు జలదరించింది. పుస్తకాల్లో మొట్టమొదట చెప్పే తేడా అదే, ఆవిడ చేత్తో పట్టుకుని చెప్పేసింది, ఎన్నో ఏళ్లుగా గుల్లలు జతలు కట్టి అమ్మే మనిషి కదా.

ఆ తేడా ఇది. ఆల్చిప్పకి రెండు చిప్పలు అద్దంలో బొమ్మల్లా ఒకదానికొకటి సరిపోతాయి, కానీ ఒక్క చిప్పని విడిగా తీసుకుని మధ్యలో గీత గీస్తే ఎడమా కుడీ సమానంగా రావు. బ్రాకియోపాడ్‌కి ఇది తిరగబడుతుంది. రెండు చిప్పలూ వేర్వేరుగా ఉంటాయి, ఒక్కో చిప్పకి మాత్రం ఎడమా కుడీ అచ్చంగా సమానం. ముక్రోస్పిరిఫర్‌లో అయితే ఇది చూడగానే తెలుస్తుంది, ఎందుకంటే ఒక చిప్పకి నడిమధ్యన గాడి ఉంటుంది, రెండో చిప్పకి సరిగ్గా అక్కడే గట్టు ఉంటుంది, గాడిలో గట్టు కూర్చుని మూత బిగుసుకుంటుంది. గాడి ఉన్నది పెడికిల్ చిప్ప, గట్టు ఉన్నది బ్రాకియల్ చిప్ప. పెద్దావిడ దగ్గర ఒక ఆల్చిప్ప జత తీసుకుని, పదిరూపాయలే అంది, మా వాడి ఎగ్జిబిషన్‌లో రెండూ పక్కపక్కనే పెట్టించాను. శిలాజం కొనేవాళ్లు ఎవరైనా ఈ పని చేయండి, పక్కన ఆల్చిప్ప లేకపోతే దీని గొప్పతనం సగం కూడా తెలియదు.

అసలు ఆల్చిప్పలకీ వీటికీ దగ్గరి చుట్టరికం లేదు. అవి నత్తల కుటుంబం వైపు, మొలస్కులు. ఇవి వేరే వంశం, రెండు చిప్పల ఇల్లు కట్టుకోవడం ఒక్కటే పోలిక.

లోపలి నిర్మాణం గురించి కూడా రాయాలి, నేను డబ్బులు పెట్టింది దాని కోసమే అనిపిస్తోంది ఇప్పుడు. మన పాత ఇళ్ల తలుపుకి రెండు రెక్కలుంటాయి కదా, కిర్రుమంటూ కీళ్ల మీద తిరుగుతాయి. దీని చిప్పలూ అంతే. పెడికిల్ చిప్పకి కీలు గీత దగ్గర రెండు చిన్న పళ్లు, బ్రాకియల్ చిప్పలో వాటికి సరిపోయే రెండు గుంటలు. పళ్లు గుంటల్లో పడి చిప్ప పక్కకి జరగకుండా పట్టుకుంటుంది. కీలు గీతకీ ముక్కుకీ మధ్య సన్నటి చదును పట్టీ ఉంటుంది, దాని మధ్యలో ముక్కోణపు కన్నం ఉంటుంది, డెల్తీరియం అంటారు. బతికున్నప్పుడు కండతో చేసిన కాడ ఒకటి ఆ కన్నంలోంచి బయటికొచ్చి జీవిని పట్టి ఉంచేది. నా దగ్గరున్న రెండోదానికి ఆ కన్నం రాతి పొడితో మూసుకుపోయి ఉంటే, మెత్తటి టూత్‌బ్రష్‌తో, ఒట్టి నీళ్లతో అరగంట సేపు తోమితే తేరుకుంది. సూది పెట్టి గుచ్చకండి, ఆ పట్టీ అంచు చాలా పలచన.

మూడూ నోరు మూసుకునే ఉన్నాయేమిటి, విరిగిపోయినవి ఏరేసి మూసుకున్నవే అమ్ముతున్నాడా అని నాకు మొదట అనుమానం వచ్చింది. అది కాదు కారణం. ఆల్చిప్పకి కీలు దగ్గర రబ్బరులాంటి పట్టీ ఉంటుంది, అది ఎప్పుడూ చిప్పల్ని తెరవాలనే చూస్తుంది, కండ బిగబట్టి మూసి ఉంచుతుంది. జీవి పోగానే కండ వదిలేస్తుంది, నోరు తెరుచుకుంటుంది. ఉడికించినవాళ్లకి తెలుసు, బీచ్‌లో తెరిచిన చిప్పలు, విడివిడి చిప్పలు ఎక్కువ కనపడేదీ అందుకే. బ్రాకియోపాడ్‌కి ఆ పట్టీ లేదు. మూయడానికీ కండలే, తెరవడానికీ కండలే. తెరిచే కండలు కీలుకి వెనకపక్క పట్టుకుని లాగుతాయి, ఉయ్యాల బల్ల ఒక చివర కిందికి వెళితే రెండో చివర లేచినట్టు ముందు అంచు తెరుచుకుంటుంది. ప్రాణం పోయాక లాగేవాళ్లు లేరు కాబట్టి చాలాసార్లు మూసుకునే బురదలో కూరుకుపోతాయి. నా అరచేతిలో ఉన్నది అలా మూసుకుని మళ్లీ తెరవని తలుపు. మా అక్కకి ఇది చెప్తుంటే వంట ఆపి వచ్చి చేతిలోకి తీసుకుంది.

ఇంకో విశేషం బయటికి కనపడదు. స్పిరిఫర్ అంటే చుట్టలు మోసేది అని అర్థం. లోపల సన్నటి సున్నపు పట్టీ రెండు శంకువుల్లా చుట్టలు చుట్టుకుని, ఒకటి ఎడమ రెక్క వైపు, ఒకటి కుడి రెక్క వైపు చూస్తూ ఉంటుంది. వాటి మీద లోఫోఫోర్ అనే మెత్తటి అవయవం ఆనుకుని ఉండేది, సన్నటి పీచుల్లాంటి వేళ్లతో నీళ్లని లోపలికి ఆడించి అందులోని తిండి వడకట్టుకునేది. మధ్యలో ఉన్న ఆ గాడీ గట్టూ కూడా ఊరికే అందానికి కాదు, లోపలికొచ్చే నీళ్లూ వాడేసి వదిలే నీళ్లూ కలిసిపోకుండా దారులు వేరు చేయడానికి అని చెప్తారు. వెడల్పు రెక్కలు మెత్తటి బురద మీద దిగబడిపోకుండా ఆసరాగా ఉండేవని ఇంకో వివరణ. నా మూడింట్లో ఏదీ లోపల కనపడేలా పగలలేదు కాబట్టి చుట్టలు నేను కళ్లతో చూడలేదు. పగలగొట్టి చూద్దాం అని మా వాడు అడిగాడు, నేను ఒప్పుకోలేదు.

చైనాలో ఇలాంటి స్పిరిఫర్ శిలాజాల్ని రాతి వానకోయిలలు అని పిలిచేవారు, గాలివానకి లేచి ఎగురుతాయని పాత నమ్మకం, వాటిని పొడి చేసి మందుల్లో వాడేవారు కూడా. ముక్రోస్పిరిఫర్ అనే పేరుతో ప్రజాతిని 1931లో వేరు చేసిన గ్రాబౌ అమెరికా మనిషి, అప్పటికి ఆయన చైనాలోనే భూగర్భశాస్త్రం చెప్తున్నాడు. ఈ ముక్క మా వాడికి బాగా నచ్చింది, చార్టు మీద పెద్దక్షరాలతో రాసుకున్నాడు.

ఇక అతుకు సంగతి. మూడింట్లో అందరికంటే అందంగా ఉన్నది, రెండు రెక్కలూ సూదుల్లా ఉన్నది, అతుకు వేసింది దానికే. కొన్న రోజు నాకు తెలియలేదు, షాపులో పసుపు లైటు. ఇంటికొచ్చి కిటికీ దగ్గర పది రెట్లు చూపించే భూతద్దం పెట్టి చూస్తే కుడి రెక్క చివరి సెంటీమీటరు ఏదో తేడాగా ఉంది. మడతలు ఉన్నాయి గానీ మొద్దుగా ఉన్నాయి, పెరుగుదల గీతలు అసలు లేవు. ఎడమ రెక్క మీద గీతలు వరసగా కీలు గీత దాకా వెళ్లి ఆగుతుంటే, కుడి రెక్కలో ఆ చివరి సెంటీమీటరు మొదలయ్యే చోటు దాకా వచ్చి గోడ కట్టినట్టు టక్కున ఆగిపోయాయి. రెండు చోట్ల సూదిమొనంత గాలి బుడగలు కూడా కనిపించాయి. దొంగనోట్లు చూసే నీలం టార్చి ఇంట్లో ఉంటే చీకట్లో వేసి చూశాను, మిగతా రాయంతా మామూలుగా ఉంది, ఆ ముక్క మాత్రం తెల్లగా మెరిసింది. జిగురూ రెజినూ చాలావరకు అలా మెరుస్తాయి.

నాకు ఎక్కడ బాధ కలిగిందంటే, విరిగిన రెక్క తప్పు కాదు. అంత సన్నటి మొన కోట్ల ఏళ్లు రాతిలో ఉండి, క్వారీలో పేలుడు తట్టుకుని, అక్కడి నుంచి మన వైజాగ్ దాకా వచ్చాక విరగకపోతేనే ఆశ్చర్యం. విరిగింది విరిగినట్టే ఇస్తే నేను అదే ధరకి సంతోషంగా తీసుకునేదాన్ని. అతికించామని చీటీలో రాసినా తీసుకునేదాన్ని. చెప్పకుండా అతికిస్తే ఒక పిల్లవాడు దాన్ని చూసి గీతలు లెక్కపెట్టి తప్పు నేర్చుకుంటాడు, అది నాకు మింగుడు పడలేదు.

మర్నాడు వెళ్లాను. షాపతను మొదట "అందరూ అలాగే ఇస్తారు మేడమ్, చూడ్డానికి బాగుంటుందని" అన్నాడు. టార్చి వేసి చూపించాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత తనకీ తెలియదని, సరుకు అలాగే వచ్చిందని చెప్పి, లోపలి నుంచి ఓ డబ్బా తెచ్చి ఏది కావాలో ఏరుకోమన్నాడు. అతని మాట నేను నమ్ముతున్నాను. ఆ డబ్బాలో ఇంకో రెండు అతుకువి మేమిద్దరం కలిసే పట్టుకున్నాం, వాటిని పక్కన పెట్టి తక్కువ ధర చీటీ రాశాడు.

నేను ఏరుకున్నదానికి రెండు రెక్కలూ సగానికి విరిగి ఉన్నాయి. కానీ దాని బ్రాకియల్ చిప్ప మీద చిన్న చిన్న బూరల్లాంటి గొట్టాలు ఒకదాని వెనక ఒకటి గొలుసులా పాకి ఉన్నాయి. అది ఆలోపోరా అనే పగడం. మన ఫిషింగ్ హార్బర్‌లో పడవ అడుగున గుల్లలు పట్టేసినట్టు, ఆ బురద సముద్రంలో గట్టి చోటు ఇంకేదీ దొరక్క ఈ గుల్ల వీపు మీద ఇల్లు కట్టుకుంది. ఒక గొట్టం సరిగ్గా రెండు మడతల మధ్య పల్లంలో మొదలై, మడత ఎక్కలేక కొంత దూరం పల్లం వెంటే వెళ్లి, తర్వాత దాటింది. భూతద్దంలో ఆ మలుపు చూస్తూ రాత్రి పదకొండున్నర దాకా కూర్చున్నాను. సూదిరెక్కల దాని మీద ఇది లేదు. నాకు అడిగితే ఈ మార్పిడిలో లాభం నాదే.

వైజాగ్‌లో ఉండేవాళ్లకి ఒక హెచ్చరిక, ఇది షాపులో ఎవరూ చెప్పరు. అదే సిల్వేనియా రాతిలోంచి బంగారంలా మెరిసే బ్రాకియోపాడ్లు కూడా వస్తాయి, గుల్ల పైరైట్‌గా (ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజంగా) మారిపోయినవి. ఎక్కువగా ముక్రోస్పిరిఫర్‌కి చుట్టమైన పారాస్పిరిఫర్ అనే రకం. చూస్తే మతిపోతుంది, నేనూ చేతిలో పట్టుకుని పది నిమిషాలు వదల్లేదు. అయినా కొనలేదు. పైరైట్‌కి తేమ పడదు. గాలిలో తడి ఎక్కువైతే మెల్లగా ఆక్సీకరణ చెంది, ఆమ్లం పుట్టి, తెల్లటి పసుప్పచ్చటి పొడిగా రాలిపోతుంది, పెట్టెనీ చీటీనీ కూడా తినేస్తుంది. సముద్రం పక్కన ఇనప గేట్లే నాలుగేళ్లు ఆగని ఊరు మనది. తప్పక కొనాలనుకుంటే గాలి చొరని డబ్బా, సిలికా జెల్ పొట్లాలు, అవి తడి పీల్చుకున్నాక మార్చుకోవడం, ఇంత ఓపిక ఉంటేనే కొనండి. మామూలు బూడిద రంగువి కాల్సైట్ అనే సున్నపు ఖనిజం, వాటికి ఇంత బెంగ అక్కర్లేదు, ఆమ్లం తగలనివ్వకపోతే చాలు. నిమ్మకాయతో, వెనిగర్‌తో శుభ్రం చేయొద్దు, సున్నం కరిగి గీతలు పోతాయి.

ఈ కాల్సైట్ వల్లే ఇంత బాగా మిగిలాయట కూడా. ఆల్చిప్పలూ నత్తలూ చాలావరకు తమ గుల్లకి వాడే అరగోనైట్ అనే ఇంకో రకం సున్నపు ఖనిజం రాతిలో తొందరగా కరిగిపోతుంది, ఒట్టి అచ్చు మిగులుతుంది. బ్రాకియోపాడ్ల గుల్ల గట్టి రకం. శిలాజ జాతులు 12,000 పైన గుర్తించారు, బతికున్నవి 400 దరిదాపు మాత్రమే. 25 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ చివరి ప్రళయంలో వీటి వంశం చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. ముక్రోస్పిరిఫర్ అయితే అంతకు ముందే, డెవోనియన్‌తోనే వెళ్లిపోయింది.

రేటింగ్ అంటే, శిలాజాలకి అయిదుకి అయిదు. దుకాణానికి మూడు, ఆల్చిప్ప అని రాసిన కార్డుకీ అతుకుకీ ఒక్కోటి తీసేశాను. ప్యాకింగ్ బాగుంది, ఒక్కోదాన్ని విడిగా దూదిలో చుట్టి ఇచ్చాడు. మొన్న అటువైపు వెళ్లినప్పుడు చూస్తే కార్డు మార్చాడు, బ్రాకియోపాడ్ అని తెలుగులో, కింద ఊరి పేరుతో సహా రాశాడు, ఒకటి పెంచి నాలుగు చేస్తున్నాను.

ఎగ్జిబిషన్ అయ్యాక పెద్దది మా వాడికే ఇచ్చేశాను, పగడం ఉన్నది నా దగ్గరే ఉంది. ఒక పక్క అరిగిపోయి లోపలి చుట్టలు బయటపడిన స్పిరిఫర్ ఏదైనా వస్తే ఫోన్ చేయమని షాపతనికి నంబర్ ఇచ్చి వచ్చాను. సంక్రాంతి తర్వాత కొత్త సరుకు వస్తుందన్నాడు. వస్తే కొని, దాని గురించి కూడా రాస్తాను.